ముడి పడే చోటు

పాఠ్యభాగ ఉద్దేశం: తల్లిదండ్రుల లక్షణాలు సంతానంలో కలిసే తీరును, ఆ కలయికకు జీవకణం విధించుకొన్న నియమాలను మన ప్రాంతపు పంటల ఆధారంగా వివరించడం, శాస్త్ర విషయాన్ని తెలుగులో చదివి, తెలుగులో చెప్పగల నేర్పును విద్యార్థులకు కలిగించడం.

1. చెనక్కాయ చేనులో పుట్టిన ప్రశ్న

1970ల నడిమి కాలంలో శ్రీకాళహస్తి పరిసర గ్రామాల రైతులను ఒక కొత్త తెగులు కలవరపెట్టింది. వేరుసెనగ చెట్లు గిడసబారి కనిపించేవి. పీకి చూస్తే ఊడల మీద, లేత కాయల మీద గోధుమ, నలుపు వన్నెల మచ్చలు ఉండేవి. కాయ ఎదగక చిన్నదిగానే నిలిచిపోయేది. ఎండను, వానలేమిని చూసి అలవాటు పడిన రైతుకు మట్టిలో దాగిన ఈ శత్రువు అంతుబట్టలేదు. టైలెంకోరింకస్ బ్రెవిలినియేటస్ అనే నులిపురుగు దీనికి కారణమని పరిశోధకులు తరువాత నిర్ధారించారు. ఈ వ్యాధికి శాస్త్రగ్రంథాలలో 'కాళహస్తి తెగులు' అన్న పేరే స్థిరపడింది.

తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఈ తెగులును తట్టుకొనే వంగడాలను రూపొందించింది. వాటిలో ఒకదానికి 'కాళహస్తి' అనే పేరే పెట్టారు. ఆ విధంగా తెగులుకు పేరైన ఊరే దాని విరుగుడుకు కూడా పేరైంది.

కొత్త వంగడాన్ని రూపొందించడం ఓర్పుతో కూడిన పని. వేరుసెనగ పువ్వు తనంత తానే పరాగసంపర్కం జరుపుకొంటుంది. అందువల్ల మొదటి రోజు సాయంకాలమే మొగ్గను విప్పి, సన్నని పట్టకారుతో పరాగకోశాలను తొలగించాలి. మరునాటి ఉదయం మరొక వంగడపు పుప్పొడిని ఆ కీలాగ్రానికి అద్దాలి. ఇంతవరకు మనిషి చేతి పని. ఒక తల్లిలోని తెగులును తట్టుకొనే గుణమూ, మరొక తల్లిలోని నిండు కాయ గుణమూ ఒకే మొక్కలో చేరాలని శాస్త్రవేత్త కోరుకొంటాడు. ఆ కోరిక నెరవేరేది ఆ సంకరపు గింజ మొలిచి, పెరిగి, పూమొగ్గ తొడిగిన తరువాతనే. కంటికి కనబడని ఒక కణంలో, రెండు పోగులు తెగి మారి అతుక్కొనే చోటును బట్టి అది నిర్ణయమవుతుంది. ఆ చోటును కణం ఎట్లా ఎన్నుకొంటుంది అన్నదే ఈ పాఠంలోని విషయం.

2. సగానికి తగ్గే విభజన

వేరుసెనగ మొక్క దేహకణాలలో 40 క్రోమోసోములుంటాయి. వాటిలో 20 తల్లి నుండి, 20 తండ్రి నుండి వచ్చినవి. ఇవే సంఖ్యలో సంయోగబీజాలకు చేరితే తరువాతి తరంలో 80, ఆపై తరంలో 160 కావలసి వస్తుంది. అట్లా జరగకుండా పుప్పొడి, అండం ఏర్పడే వేళ కణం ఒక ప్రత్యేక విభజనను ఆశ్రయిస్తుంది. క్రోమోసోముల సంఖ్యను సగానికి తగ్గించే ఈ ప్రక్రియనే క్షయకరణ విభజన అంటారు.

ఈ విభజనకు ముందు ప్రతి క్రోమోసోము తనకు ఒక నకలును తయారుచేసుకొంటుంది. తరువాత తల్లి వైపు నుండి వచ్చిన క్రోమోసోము తండ్రి వైపు నుండి వచ్చిన తన జోడును వెదకి, పొడవునా దాని పక్కన చేరుతుంది. ఇటువంటి జోడును సమజాత క్రోమోసోములంటారు. ఈ జంట రెండింటినీ నిచ్చెన ఆకారంలో ఉండే ఒక మాంసకృత్తుల కట్టడం దగ్గరగా పట్టి ఉంచుతుంది. దానిని 1956లో మోజెస్, ఫాసెట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వేరువేరుగా ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూశారు. ఈ సన్నిహిత స్థితిలోనే జోడులోని పోగులు కొన్ని తావులలో తెగి, తమ ఖండాలను మార్చుకొని అతుక్కొంటాయి. దీనికి వినిమయమని పేరు.

3. రెండు తాటాకు ప్రతులు

వినిమయాన్ని తాటాకు గ్రంథాల పోలికతో సులభంగా గ్రహించవచ్చు. ఒకే కావ్యానికి రెండు ఊళ్లలో రాసుకొన్న రెండు ప్రతులున్నాయనుకొందాం. కథ ఒకటే, పద్యాల వరుస ఒకటే. ఐతే అక్కడక్కడా పాఠభేదాలున్నాయి. ఒక లేఖకుడు మూడవ ఆశ్వాసం వరకు మొదటి ప్రతిని చూసి, అక్కడి నుండి రెండవ ప్రతిని చూసి కొత్త ప్రతిని రాశాడు. కావ్యానికి లోపం రాలేదు. కాని ఇంతకుముందు ఏ ఊళ్లోనూ లేని పాఠం ఒకటి ఏర్పడింది. లేఖకుడు రెండు ప్రతులలోనూ సరిగ్గా ఒకే అక్షరం దగ్గర మారినంతవరకే ఈ క్షేమం. ఒకదానిలో పద్యం నడుమ ఆపి, మరొకదానిలో వేరొక పద్యం నుండి అందుకొంటే అర్థం చెడుతుంది. కణం కూడా సరిపోలే వరుసలను పోల్చి చూసుకొన్న పిమ్మటనే పోగులను కలుపుతుంది.

ఈ పోలిక నుండి మరొక విషయం కూడా తెలుస్తుంది. ఒకే ఆశ్వాసంలో దగ్గర దగ్గరగా ఉన్న రెండు పాఠభేదాలు సాధారణంగా కలిసే కొత్త ప్రతిలోకి వస్తాయి. దూరంగా ఉన్నవి విడిపోయే అవకాశం ఎక్కువ. క్రోమోసోము మీద సమీపంలో ఉన్న జన్యువులు కలిసి సంతానానికి చేరే ఈ గుణాన్ని సహలగ్నత అంటారు.

బెల్జియం దేశీయుడైన జాన్సెన్స్ 1909లో సూక్ష్మదర్శిని కింద జంట క్రోమోసోములు అడ్డంగా కలిసి ఉన్న తావులను గమనించి, అక్కడ ఖండాలు మారుతున్నాయని ఊహించాడు. అమెరికాలో మోర్గాన్ 1911లో పండ్ల ఈగలపై చేసిన ప్రయోగాలతో ఆ ఊహకు బలం చేకూర్చాడు. ఆయన శిష్యుడైన స్టర్టివాంట్ 1913లో, జన్యువులు ఎంత తరచుగా విడిపోతున్నాయో లెక్కించి, క్రోమోసోముపై వాటి వరుసను చూపే మొదటి పటాన్ని గీశాడు. 1931లో క్రైటన్, మెక్‌క్లింటాక్ అనే ఇద్దరు మహిళా శాస్త్రజ్ఞులు మొక్కజొన్నపై పరిశోధించి, లక్షణాలు మారినప్పుడు క్రోమోసోము ఖండాలు కూడా నిజంగానే మారుతున్నాయని నిరూపించారు.

4. ఆకస్మికమా? నియమబద్ధమా?

వినిమయం ఎక్కడైనా, ఎన్నిసార్లైనా జరగవచ్చునా? అట్లా జరిగితే కొన్ని జతలలో పదిసార్లు, కొన్నింటిలో ఒక్కసారి కూడా జరగక పోవడం కనబడాలి. లెక్కలు దీనికి భిన్నంగా ఉన్నాయి. ఒకచోట వినిమయం జరిగితే దాని సమీపంలో మరొకటి జరగడం అరుదని మోర్గాన్ శిష్యబృందం గుర్తించింది. ఒక వినిమయం తన పొరుగున మరొకదానిని అడ్డుకొనే ఈ స్వభావాన్ని 1916లో ముల్లర్ విశదీకరించాడు. తెలుగులో దీనిని 'వ్యతికరణం' అంటున్నాం.

అనంతర కాలపు పరిశోధనలు కణం పాటించే నియమాలను మరికొన్నింటిని బయటపెట్టాయి. వాటిని ఇట్లా క్రోడీకరించవచ్చు.

మొదటిది, ప్రతి జతకు కనీసం ఒక వినిమయం దక్కాలి. రెండవది, ఒకే జతలో రెండు, మూడు వినిమయాలుంటే అవి ఎడంగా ఉండాలి. మూడవది, క్రోమోసోమును పట్టి లాగే బిందువైన సెంట్రోమియర్ వద్ద, దాని పరిసరాలలో వినిమయం జరగడం చాలా అరుదు.

ఈ నియమాలు మనకు పరిచితమైన ఛందస్సును గుర్తుకు తెస్తాయి. ద్విపద పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం ఉండాలి. ఈ కట్టుబాటును ఏ కవీ దాటరాదు. కాని ఇంద్రగణాలు ఆరు. వాటిలో దేనిని ఏ చోట నిలపాలన్నది కవి ఇచ్చ. అందుకే వేలకొలది ద్విపదలు ఒకే నడకలో సాగుతూ కూడా ఒకదానినొకటి పోలకుండా ఉంటాయి. కణం కూడా వినిమయపు చోటును ముందుగా రాసిపెట్టదు, పూర్తిగా విచ్చలవిడిగానూ వదలదు. ఒకే మొక్కలోని రెండు పుప్పొడి రేణువులలో వినిమయాలు రెండు వేరువేరు చోట్ల ఉండవచ్చు. ఎడం పాటించడం మాత్రం రెండింటిలోనూ కనబడుతుంది.

5. తెంచేది కూడా కణమే

కణం తన వారసత్వపు పోగులను తానే తెంచుకొంటుందన్నది ఆశ్చర్యకరమైన సత్యం. మామూలు వేళలలో డీఎన్ఏ తెగడం కణానికి ప్రమాదం. క్షయకరణ విభజనలో మాత్రం స్పో11 అనే మాంసకృత్తు పనిగట్టుకొని పోగులను తెంచుతుంది. దీని పాత్ర 1997లో వెల్లడైంది. మనుషులలో ఈ తెగుళ్లు ఎక్కడ పడాలో సూచించేది ముఖ్యంగా పీఆర్‌డీఎమ్9 అనే మరొక మాంసకృత్తు అని 2010లో తెలిసింది. మొక్కలలో అది లేదు. వాటిలో జన్యువుల అంచులలో, పోగు వదులుగా ఉన్న తావులలో తెగుళ్లు ఎక్కువగా పడతాయి.

ఐతే తెగిన ప్రతి చోటా వినిమయం జరగదు. ఆవ కుటుంబానికి చెందిన అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్కను శాస్త్రజ్ఞులు విరివిగా పరిశీలించారు. దానిలో ఉన్నవి 5 జతల క్రోమోసోములే. ఒక్కొక్క కణంలో నూరుకు పైగా తెగుళ్లు పడతాయి. వాటిలో వినిమయాలుగా పరిణమించేవి సుమారు 10 మాత్రమే. మిగిలినవన్నీ ఖండాలు మారకుండానే మరమ్మతు అవుతాయి. అభ్యర్థులు వందమంది ఉన్నప్పుడు ఆ పదింటిని ఎవరు ఎంపిక చేస్తున్నారన్నది దీర్ఘకాలం చిక్కుప్రశ్నగా నిలిచింది.

ఇంగ్లాండులోని జాన్ ఇన్నెస్ సెంటర్ పరిశోధకులు 2021లో దీనికి ఒక సమాధానం ప్రతిపాదించారు. జంట క్రోమోసోముల నడుమ పొడవునా హెచ్ఈఐ10 అనే మాంసకృత్తు వ్యాపించి ఉంటుంది. మొదట అది అనేక చిన్న చుక్కలుగా కనబడుతుంది. కాలం గడిచేకొద్దీ కొన్ని చుక్కలు పెద్దవవుతాయి, వాటి పొరుగునున్న చిన్నవి కరిగిపోతాయి. చివరకు ఒక్కొక్క జత మీద ఒకటి రెండు పెద్ద చుక్కలే మిగులుతాయి. అవి నిలిచిన చోటనే వినిమయం జరుగుతుంది.

వేడి చారు మీద నేయి వేసినప్పుడు మొదట చిన్నచిన్న బొట్లు తేలడం, కొంతసేపటికి అవి తగ్గి పెద్ద బొట్లు మిగలడం మనం చూస్తూనే ఉంటాం. అక్కడ బొట్లు ఒకదానిలో ఒకటి కలుస్తాయి. ఇక్కడ చిన్న చుక్కలోని పదార్థం క్రోమోసోము వెంబడి జారి పెద్దదానిలో చేరుతుంది. ఈ భేదాన్ని గుర్తుంచుకొంటే పోలిక సరిపోతుంది. పెద్ద చుక్క తన చుట్టుపక్కల పదార్థాన్ని తానే లాగుకొంటుంది కనుక దాని దాపున మరొకటి పెరగలేదు. ఎడం పాటించడానికి కారణం ఇదే. పదార్థమంతా ఎక్కడో ఒకచోట చేరక తప్పదు కనుక ప్రతి జతకు కనీసం ఒక చుక్క మిగులుతుంది. రెండు నియమాలూ ఒకే ప్రక్రియ నుండి పుడుతున్నాయన్నది ఈ వివరణలోని విశేషం. జంట నడుమ ఉండే నిచ్చెన కట్టడం లోపించిన మొక్కలలో ఎడం పాటించడం నశిస్తుందని కూడా అదే కాలంలో తేలింది.

6. ముడి పడకపోతే

కణానికి ఇంత జాగ్రత్త ఎందుకు? వినిమయం కొత్త కలయికలను సృష్టించడంతో పాటు జంటను కట్టి ఉంచే ముడిగా కూడా పనిచేస్తుంది. విభజన వేళ జోడులోని రెండింటినీ ఎదురెదురు కొనల వైపుకు లాగాలి. తాడుకు రెండు వైపులా బిగువు ఉంటేనే ఎవరు ఎటు పోవాలో తెలుస్తుంది. ముడి లేని జంట ఆ బిగువును పొందలేదు. రెండూ ఒకే వైపుకు పోవచ్చు. అప్పుడు ఒక సంయోగబీజానికి ఒక క్రోమోసోము ఎక్కువ, మరొకదానికి ఒకటి తక్కువ అవుతుంది.

మనుషులలో 21వ క్రోమోసోము రెండుకు బదులు మూడుగా వచ్చినప్పుడు కలిగే స్థితిని డౌన్ సిండ్రోమ్ అంటారు. ఈ కారణాన్ని 1959లో ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు వెల్లడించారు. అదనపు క్రోమోసోము అధిక భాగం సందర్భాలలో అండం ద్వారానే వస్తుంది. ఆ జతలో వినిమయం అసలు జరగకపోవడం, లేదా క్రోమోసోము కొస దగ్గర గాని, సెంట్రోమియరుకు మరీ చేరువగా గాని జరగడం ఇందుకు దోహదం చేస్తుందని పరిశోధనలు చూపాయి. తల్లి వయస్సు పెరిగేకొద్దీ ఈ అవకాశం హెచ్చుతుంది.

స్త్రీ దేహంలో అండకణాల వినిమయాలు ఆమె తన తల్లి గర్భంలో ఉన్నప్పుడే పూర్తవుతాయి. అంటే మన పుట్టుకకు మూలమైన అండంలోని ముడులు మన అమ్మమ్మ గర్భంలోనే పడ్డాయి. ఆ ముడులు ఎన్నో ఏళ్లపాటు, అండం పక్వమయ్యేవరకు, అట్లాగే నిలిచి ఉండాలి. ఇటువంటి బిడ్డ పుట్టినప్పుడు తల్లి చేసిన పాపమనో, గ్రహణవేళ చేసిన పొరపాటనో నిందించేవారు నేటికీ లేకపోలేదు. ఆ తల్లి లోకాన్ని చూడక మునుపే జరిగిన సంఘటనకు ఆమెను బాధ్యురాలిని చేయడం ఎంత అన్యాయమో విద్యావంతులు గ్రహించాలి, ఇరుగుపొరుగువారికి చెప్పాలి.

7. వంగడాల రూపకర్త నిరీక్షణ

తిరిగి వేరుసెనగ చేనుకు వద్దాం. తెగుళ్లను తట్టుకొనే శక్తి తరచుగా అడవిజాతి మొక్కలలో దొరుకుతుంది. కాని వాటి కాయలు చిన్నవి, దిగుబడి తక్కువ. సంకరణం చేసినప్పుడు కావలసిన జన్యువుతో పాటు దాని ఇరుగుపొరుగు జన్యువులు కూడా కట్టకట్టుకొని వస్తాయి. మంచి వంగడంతో తరాల తరబడి తిరిగి సంకరణం చేస్తూ, కావలసిన జన్యువుకు ఇరువైపులా దగ్గరగా వినిమయం జరిగిన మొక్క కోసం వందల మొక్కలలో వెదకాలి. ఎడం నియమం ఉన్నందున ఒకే తరంలో రెండు వైపులా దగ్గరగా వినిమయం జరగడం దుర్లభం. అందువల్ల ఒక వైపు ఒక తరంలో, రెండవ వైపు మరొక తరంలో సాధించవలసి వస్తుంది. ఆ జన్యువు సెంట్రోమియర్ దాపున ఉంటే నిరీక్షణ మరింత దీర్ఘమవుతుంది.

వేరుసెనగకు మరొక చిక్కు ఉంది. దక్షిణ అమెరికాలో రెండు అడవిజాతులు కలిసి ఏర్పడిన మొక్క ఇది. దాని 40 క్రోమోసోములలో 20 ఒక జాతివి, 20 మరొక జాతివి. దాని పూర్తి జన్యుపటం 2019లో ప్రకటితమైంది. కొత్తగా మరొక అడవిజాతి ఖండాన్ని చొప్పిస్తే, అది పక్కనున్న జోడుతో అంతగా పోలదు కనుక అక్కడ వినిమయాలు తగ్గిపోతాయి. ఆ ఖండం ముక్కలు కాకుండా మొత్తంగానే తరం నుండి తరానికి సాగుతుంది.

ఐనా సాధన ఫలించిన ఉదాహరణలున్నాయి. కర్ణాటకలోని ధార్వాడలో రూపొందిన జీపీబీడీ-4 అనే వంగడంలో అరాకిస్ కార్డినాసి అనే అడవిజాతి నుండి వచ్చిన ఖండాలున్నాయి. అందువల్ల అది తుప్పు తెగులును, ఆలస్యంగా వచ్చే తిక్కా ఆకుమచ్చ తెగులును తట్టుకొంటుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు దాని నుండి తుప్పు తెగులును తట్టుకొనే గుణాన్ని జేఎల్-24, టీఏజీ-24, ఐసీజీవీ-91114 అనే పేరుపొందిన వంగడాలలోకి చేర్చి, ఆ ఫలితాలను 2014లో ప్రకటించారు. డీఎన్ఏ గుర్తుల సాయంతో, చేనులో తెగులు సోకేవరకు ఆగకుండా, లేత మొక్క దశలోనే కావలసిన ఖండం ఉన్నదీ లేనిదీ వారు తెలుసుకోగలిగారు. గుర్తులు వెదకడాన్ని వేగవంతం చేశాయి. వినిమయం జరిగే చోటును మాత్రం అవి మార్చలేదు.

8. మార్పు, నిలకడ

ఆ చోటును, సంఖ్యను కూడా మార్చగలమా అన్న ప్రయత్నాలు ఇటీవల సాగుతున్నాయి. వినిమయాలను అదుపులో ఉంచే ఆర్ఈసీక్యూ4 అనే జన్యువును పనిచేయకుండా చేస్తే వరి, బఠానీ, టమాటా మొక్కలలో వినిమయాలు సుమారు మూడు రెట్లు పెరిగాయని 2018లో ఫ్రాన్స్ పరిశోధకులు చూపారు. కాని అదనపు వినిమయాలు కూడా సెంట్రోమియర్ పరిసరాలకు దూరంగానే ఉండిపోయాయి. అదుపును సడలించినా ఆ ఒక్క కంచె మాత్రం తొలగలేదు.

దీనికి ఎదురు దిశలో సాగిన పరిశోధన మన హైదరాబాదులోనే జరిగింది. సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ శాస్త్రవేత్తలు అరాబిడాప్సిస్‌లో 'డయాడ్' అనే జన్యువు చెడినప్పుడు క్షయకరణ విభజన, వినిమయం లేకుండానే కొన్ని అండాలు ఏర్పడుతున్నాయని 2008లో ప్రకటించారు. అటువంటి అండంలో తల్లి క్రోమోసోములన్నీ యథాతథంగా ఉంటాయి. దీని ఆధారంగా, విత్తనం ద్వారానే తల్లిని పూర్తిగా పోలిన మొక్కలను పొందవచ్చునని 2011లో వారు, విదేశీ సహచరులు కలిసి చూపారు.

ఈ రెండు మార్గాల అవసరమూ చిత్తూరు రైతుకు తెలియనిది కాదు. తోతాపురి మామిడి టెంకను నాటితే వచ్చే చెట్టు తల్లి వంటి కాయ కాస్తుందన్న భరోసా లేదు. మామిడిలోనూ 20 జతల క్రోమోసోములే ఉన్నాయి. ప్రతి జతలోనూ ఖండాలు మారిన తరువాతనే ఆ గింజ పుట్టింది. అందుకే రైతు అంటు కడతాడు. అంటులో క్షయకరణ విభజన లేదు, వినిమయం లేదు. తల్లి గుణం చెక్కుచెదరదు. ఐతే అంటు మామిడి తోటలన్నీ ఒకే పోలికతో ఉంటాయి కనుక, రేపు కొత్త తెగులు వస్తే తట్టుకొనే గుణం వాటిలో కొత్తగా పుట్టదు. దాని కోసం మళ్లీ గింజ దగ్గరకే, వినిమయం దగ్గరకే పోవాలి.

ఉన్నదానిని నిలుపుకోవడం, లేనిదానిని పొందడం అనే రెండు అవసరాల నడుమ జీవకణం తన మార్గాన్ని ఏర్పరచుకొంది. అది ప్రతి జతకు ఒక ముడి తప్పనిసరి చేసింది, ముడుల సంఖ్యను మితం చేసింది, వాటి నడుమ ఎడం ఉంచింది, చోటును మాత్రం కొంత వదులుగా విడిచింది. కాళహస్తి తెగులును ఓడించే మొక్కను వెదకినవారు ఆ వదులులోనే ఆశ పెట్టుకొన్నారు. తెల్లవారుజామున చేను గట్టున నడుస్తూ పసుపుపచ్చని చెనక్కాయ పూలను చూసినప్పుడు, వాటి పక్కనే ఇంకా విప్పారని మొగ్గలలో ఈ పని జరుగుతున్నదని స్మరించడం విద్యార్థికి ఉచితం.

కఠిన పదాలు – అర్థాలు

వంగడం = విత్తన రకం
సంకరణం = రెండు రకాలను కలిపి కొత్త రకాన్ని పుట్టించడం
సంయోగబీజం = సంతానోత్పత్తికి తోడ్పడే కణం (అండం, పుప్పొడిలోని పురుష బీజం)
సమజాతం = ఒకే తీరుగా ఉండే జోడు
వినిమయం = ఇచ్చిపుచ్చుకోవడం
సహలగ్నత = కలిసి అంటిపెట్టుకొని ఉండడం
వ్యతికరణం = అడ్డుకొనడం
దుర్లభం = పొందడానికి కష్టమైనది

ప్రశ్నలు

1. వినిమయపు చోటును నిర్ణయించడంలో జీవకణం పాటించే నియమాలను వివరించండి.
2. హెచ్ఈఐ10 చుక్కలకు, నేతిబొట్లకు గల పోలికను, భేదాన్ని తెలపండి.
3. డౌన్ సిండ్రోమ్ విషయంలో తల్లిని నిందించడం ఎందుకు తగదో రాయండి.
4. మీ ఊరిలో అంటు కట్టి పెంచే చెట్లు, విత్తనం నాటి పెంచే చెట్లు ఏవి? పెద్దలను అడిగి తెలుసుకొని, కారణాలను చర్చించండి.